పంట పెరిగింది... ఆగే బలం పెరగలేదు

సాగర్ నీరు, మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీలు, సుగంధ ద్రవ్యాల పార్కు... వీటివల్ల గుంటూరు, ప్రకాశం రైతుకు ఒరిగిందేమిటి?

మాఘమాసం వచ్చిందంటే గుంటూరు దారులన్నీ ఎర్రబడతాయి. నరసరావుపేట వైపు నుంచి, చిలకలూరిపేట వైపు నుంచి, వినుకొండ, అద్దంకి, మాచర్ల వైపుల నుంచి గోతాలు పేర్చిన లారీలు, ట్రాక్టర్లు రాత్రంతా సాగుతూనే ఉంటాయి. తెల్లవారేసరికి మిర్చి యార్డు ముందు బారులు తీరి ఉంటాయి. చుట్టుగుంట సెంటరు దాటే బస్సుల్లో కూర్చున్నవారు ముక్కులకు గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. కొత్తవారికి అది తుమ్ములు తెప్పించే ఘాటు. పల్లెల నుంచి వచ్చినవారికి అది ఏడాది కష్టం వాసన.

2025 ఫిబ్రవరిలోనూ ఆ బారులు అలాగే ఉన్నాయి. రైతుల ముఖాల్లో మాత్రం కళ లేదు. 2023లో క్వింటాల్ 20 వేల రూపాయలు దాటి పలికిన కాయ ఆ నెలలో 10, 11 వేలకు దిగిపోయింది. ఆందోళనలు జరిగాయి. కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాల్‌కు 11,781 రూపాయలు ధరగా నిర్ణయించి, 2 లక్షల 91 వేల టన్నుల వరకు ధర తేడా చెల్లించేందుకు అంగీకరించింది. కౌలు, ఎరువులు, పురుగు మందులు, కోత కూలి లెక్క వేసుకుంటే ఆ ధర చాలదని రైతు సంఘాలు అన్నాయి.

రేటు నచ్చకపోతే సరుకు ఇంటికి తీసుకుపోవచ్చు గదా అని పట్నవాసి అడగవచ్చు. నిజానికి మిరప ఒక పూటలో పాడయ్యే సరుకు కాదు. సరిగా ఎండబెడితే నెలల తరబడి నిలుస్తుంది. పత్తీ అంతే. అయినా యార్డుకు తెచ్చిన లోడును వెనక్కు తిప్పగలిగే రైతు నూటికి ఎంతమంది? లారీ కిరాయి ఇవ్వాలి. కోత కూలీలు డబ్బు కోసం ఊళ్లో ఎదురుచూస్తుంటారు. మందుల దుకాణంలో ఖాతా పెరిగిపోయి ఉంటుంది. ఉగాదికి కౌలు బాకీ తీర్చాలి. కాయ ఆగగలదు, రైతే ఆగలేడు.

ఈ ప్రాంతానికి డెబ్బై ఏళ్లుగా ఎన్నో వచ్చాయి. కాల్వలు వచ్చాయి, మిల్లులు వచ్చాయి, యార్డు వచ్చింది, కోల్డ్ స్టోరేజీలు వచ్చాయి, పార్కు వచ్చింది. ఇవన్నీ కలిసి రైతుకు నాలుగు నెలలు ఆగే బలం ఇచ్చాయా? అభివృద్ధిని కొలవాలంటే ఇంతకంటే మంచి కాటా లేదు.

నీళ్లకు ముందు, నీళ్లకు తర్వాత

పెద్దవారిని అడిగితే చెబుతారు. సాగర్ నీరు రాకముందు ఈ నల్లరేగడి నేలల్లో జొన్న, వరిగ, కంది, పొగాకు, వానను నమ్ముకుని వేసే మిరప ఉండేవి. వాన కురిస్తే గింజ, లేకుంటే వలస. పల్నాడులో కరవు కొత్త మాట కాదు.

1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర ప్రధాని నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాల్వలకు నీరు వదిలారు. 203 కిలోమీటర్ల పొడవున్న కుడి కాల్వ కింద గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో 11 లక్షల 74 వేల ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం. ఆ కాల్వకే జవహర్ కాల్వ అని పేరు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. కొత్త జిల్లా, కొత్త నీరు కలిసి ఈ మెట్టకు ఆశలు తెచ్చాయి.

నీరు అందరికీ ఒక్క తీరున అందలేదు. తలకట్టు ఊళ్లలో వరి మళ్లు నిండాయి. అద్దంకి, దర్శి, ఒంగోలు బ్రాంచి కాల్వల చివరి భూములకు తడి అందడం ఏటా ఒక పోరాటమే అయింది. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చి, కాల్వ నిర్వహణలో రైతులకు ఎన్నికైన సంఘాలు ఏర్పడ్డాయి. 2010 తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో సాగర్ కాల్వల ఆధునికీకరణ పనులు జరిగాయి. అయినా శ్రీశైలంలో నీరు తగ్గిన ఏడు చివరి ఊళ్ల రైతులు రాత్రిళ్లు తూముల దగ్గర కాపలా కాయాల్సిందే.

ఆరుతడికి నీరు దొరికిన చోట మిరప, పత్తి విస్తరించాయి. వర్షాన్ని నమ్మిన రోజుల్లో ఎకరానికి కొద్దిపాటి పెట్టుబడితో పండించిన పంటలివి. నీరు వచ్చాక ఎరువు వచ్చింది, మందు వచ్చింది, సంకర విత్తనం వచ్చింది. దిగుబడి పెరిగింది. దానితోపాటు అప్పూ పెరిగింది. ఆ అప్పే అమ్మకం తేదీని నిర్ణయించసాగింది.

తెల్ల బంగారం నేర్పిన పాఠం

1970 దశకంలో ఈ జిల్లాల్లో పత్తిని తెల్ల బంగారమన్నారు. ఎం.సి.యు.-5 వంటి పొడుగు పింజ రకాలు, 1972లో వచ్చిన వరలక్ష్మి సంకర రకం రైతును ఆకట్టుకున్నాయి. గుంటూరు, చిలకలూరిపేట ప్రాంతాల్లో జిన్నింగు మిల్లులు లేచాయి. ఇక్కడ పత్తి సాగు నేర్చిన రైతులు తెలంగాణ జిల్లాలకు, కర్ణాటకలోని రాయచూరు వైపుకు వెళ్లి భూములు కొని, కౌలుకు తీసుకుని సాగు చేశారు. నేటికీ ఆ వైపు కొన్ని ఊళ్ల పక్కన 'గుంటూరు వాళ్ల క్యాంపు' అనే మాట వినిపిస్తుంది.

1980 దశకంలో కథ తిరగబడింది. పచ్చపురుగుకు కొట్టిన మందులే తెల్లదోమకు బలమయ్యాయి. మిత్ర పురుగులు చచ్చాయి. వారానికి రెండుసార్లు కొట్టినా దోమ పోలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి కుప్పకూలింది. అప్పులు తీర్చే దారి లేక కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పంట కోసం కొన్న మందే వారికి విషమైంది. దేశమంతా పత్తి రైతు ఆత్మహత్యల గురించి మాట్లాడుకోవడానికి పదేళ్ల ముందే ఈ నేల ఆ దుఃఖం చూసింది.

2002లో బి.టి. పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. మొదట 450 గ్రాముల విత్తన సంచి 1,600 రూపాయల దాకా అమ్మారు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం పోరాడి దానిని 750 రూపాయలకు దింపింది. పచ్చపురుగు బెడద కొన్నాళ్లు తగ్గింది. తర్వాత గులాబి రంగు పురుగు తిరిగి వచ్చింది.

పత్తి విషయంలో రైతుకు ఒక ఆసరా ఉంది. 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనుగోలు చేస్తుంది. 2025-26 సీజనుకు మధ్యరకం పింజకు క్వింటాల్ 7,710 రూపాయలు, పొడుగు పింజకు 8,110 రూపాయలు మద్దతు ధరగా ప్రకటించారు. ఇక్కడ ప్రతి రైతు గుర్తుంచుకోవలసిన సంగతి తేమ. నూటికి 8 వంతుల తేమ ఉంటే పూర్తి ధర. 12 దాటితే సంస్థ కొనదు. మధ్యలో ఉంటే తేమ పెరిగినకొద్దీ ధరలో కోత. ముసురు పట్టినప్పుడు తీసిన పత్తిని రెండు ఎండలు తగలనివ్వకుండా తెస్తే కొనుగోలు కేంద్రం దగ్గర రైతు ఓడిపోతాడు. బయట కాచుకున్న దళారి గెలుస్తాడు. ఆ రెండు రోజుల ఎండ కూడా ఆగే బలంలో భాగమే.

పత్తి లెక్క మరొకటి ఉంది. మూడు క్వింటాళ్ల పత్తి ఆడిస్తే సుమారు ఒక క్వింటాల్ దూది, రెండు క్వింటాళ్లకు కాస్త తక్కువగా గింజ వస్తాయి. దూది 170 కిలోల బేలుగా నూలు మిల్లుకు పోతుంది. గింజ నుంచి నూనె, చెక్క వస్తాయి. చెక్క తిరిగి మన గేదెలకే దాణాగా వస్తుంది. పత్తి ఊళ్లో ఉన్నంతవరకు ఒక్క సరుకు. ఊరు దాటాక నాలుగు సరుకులు. ఆ నాలుగింటి లాభంలో పండించినవాడి వాటా మొదటి అమ్మకంతోనే ముగిసిపోతోంది.

యార్డు పెద్దదే, మరి కాటా?

1966 మార్కెట్ల చట్టం వచ్చిన తర్వాత, 1969లో గుంటూరు వ్యవసాయ మార్కెట్ కమిటీ ఏర్పడింది. అంతకుముందు వ్యాపారి కొట్టులోనే కాటా, వ్యాపారి చెప్పిందే ధర. తువ్వాలు కింద చేతివేళ్లతో బేరమాడుకునే పద్ధతిలో తన సరుకు ఎంతకు పోయిందో రైతుకు చివరిదాకా తెలిసేది కాదు. ఆ చీకటి నుంచి బయటకు తెచ్చేందుకే యార్డు పుట్టింది. నేడు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్‌గా దీనికి పేరు. రోజుకు లక్ష టిక్కీలు దాటి వచ్చిన రోజులున్నాయి. ఇక్కడ ఉదయం పలికిన ధర సాయంత్రానికి ఖమ్మం, వరంగల్ మార్కెట్లలో వినిపిస్తుంది.

యార్డుకు సరుకు పెరగడం వెనుక లాం పరిశోధన కేంద్రం కృషి ఉంది. గుంటూరు దగ్గర అమరావతి దారిలో ఉన్న ఈ కేంద్రం నుంచి జి-4 భాగ్యలక్ష్మి, ఆ తర్వాత ఎల్.సి.ఎ.-334 వంటి రకాలు వచ్చి రైతు కళ్లాలు నింపాయి. గుంటూరు సన్నం కాయకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ గడ్డమీద పండిన సన్నం కాయకే ఆ పేరు వాడుకునే హక్కు ఉంది.

యార్డులో కాటా ఎలక్ట్రానిక్ కాటా అయింది. ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. అయితే తరుగు మాట పూర్తిగా పోలేదని రైతులు అంటూనే ఉన్నారు. చిన్న లెక్క చూద్దాం. రెండు ఎకరాల్లో 40 క్వింటాళ్లు పండిందనుకుందాం. 40 కిలోల చొప్పున వంద బస్తాలు. మచ్చు పేరుతోనో, తేమ పేరుతోనో బస్తాకు ఒక్క కిలో తీసేస్తే వంద కిలోలు పోయినట్లే. ఒక క్వింటాల్ కాయ నోరెత్తకుండా వెళ్లిపోతుంది. క్వింటాల్ 11 వేలు ఉంటే ఆ ఒక్క కిలో ఖరీదు 11 వేలు. కాటా చీటీ చేతికి తీసుకోకుండా యార్డు దాటరాదని చెప్పేది ఇందుకే.

మార్కెట్ సెస్సు నూటికి రూపాయి. అది కట్టవలసింది కొనుగోలుదారు, రైతు కాదు. ఆ డబ్బుతో యార్డుల్లో షెడ్లు, గిడ్డంగులు, పల్లెలకు లింకు రోడ్లు వేయడం, పశువైద్య శిబిరాలు నడపడం మార్కెట్ కమిటీల పని. పల్నాడులో ఎన్నో ఊళ్ల నుంచి బండి దారులు తారు రోడ్లయింది కొంతవరకు ఈ సెస్సు వల్లనే. ఆ డబ్బు ఈ ప్రాంతపు మిరప కాయ నుంచి పుట్టిన డబ్బు. ఏ ఏడు ఎంత వచ్చింది, ఏ ఊరికి ఎంత ఖర్చయింది అనే పట్టిక పంచాయతీ గోడమీద కనిపిస్తే రైతుకు తన యార్డు అనే భావన కలుగుతుంది.

కోల్డ్ స్టోరేజీ ఎవరికి చలవ?

గుంటూరు చుట్టూ వంద దాటి కోల్డ్ స్టోరేజీలున్నాయి. ఎండాకాలం బయట నిల్వ ఉంచితే కాయ రంగు తగ్గి తెల్లబారుతుంది, పురుగు పడుతుంది. చల్లని గదిలో ఆ రంగు నిలుస్తుంది. రంగు నిలిస్తే ధర నిలుస్తుంది. వేసవిలో యార్డుకు సెలవులిచ్చే రోజులు దాటి, వానాకాలంలో కాయ దొరకనప్పుడు అమ్ముకోవడానికి ఇది మంచి ఏర్పాటు. రైతుకు ఆగే బలం ఇవ్వగల ఆయుధం ఏదైనా ఉంటే ఇదే.

ఆయుధం ఉంది, అది ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. బస్తా అద్దె కట్టగలవాడు, అందాకా ఇల్లు గడుపుకోగలవాడు మాత్రమే కాయ పెట్టగలడు. చిన్న రైతు ఫిబ్రవరిలో అమ్మిన కాయను వ్యాపారి కొని అదే కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ధర పెరిగితే ఆ లాభం అతనిది. రైతు పెట్టినా, తరచుగా కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు తీసుకుని పెడతాడు. బాండు అతని దగ్గర ఉంటే అమ్మే రోజు ఎవరు చెబుతారో వేరే చెప్పాలా?

ఆగితే ఎప్పుడూ లాభమే అని కూడా అనుకోరాదు. 2023లో వచ్చిన మంచి ధర చూసి మరుసటి ఏడు ఆశతో చాలామంది కాయ నిల్వ పెట్టారు. సాగు కూడా తగ్గలేదు. విదేశాల నుంచి గిరాకీ మందగించింది. పాత కాయ కోల్డ్ స్టోరేజీల్లో ఉండగానే కొత్త కాయ వచ్చి మీద పడింది. అద్దె, వడ్డీ కట్టి మరీ తక్కువకు అమ్ముకున్నవారు ఎందరో. ఎన్ని ఎకరాల్లో నాటారు, ఎన్ని బస్తాలు చల్లని గదుల్లో ఉన్నాయి, చైనా, ఇతర దేశాల వ్యాపారులు ఏ రకం అడుగుతున్నారు అన్న సమాచారం పెద్ద వ్యాపారికి ఫోనులో వస్తుంది. రైతుకు కూడా నెలనెలా ఆ లెక్క అందితేనే అతను ఆగడం వివేకమవుతుంది. లెక్క తెలియకుండా ఆగితే అది జూదం.

పంటను తాకట్టు పెట్టుకుని అప్పు ఇచ్చే పద్ధతులు లేకపోలేదు. మార్కెట్ కమిటీ గిడ్డంగిలో పంట ఉంచి దాని విలువలో కొంత అప్పుగా తీసుకునే రైతుబంధు పథకం ఈ రాష్ట్రంలో చాలాకాలం నుంచి ఉంది. తెలంగాణలో 2018లో మొదలైన పెట్టుబడి సాయం పథకానిదీ అదే పేరు కాబట్టి రెండింటినీ ఒకటిగా భ్రమపడరాదు. 2007 గిడ్డంగుల చట్టం ప్రకారం గుర్తింపు పొందిన గిడ్డంగి ఇచ్చే రశీదును బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకునే వీలు కూడా వచ్చింది. ఈ సంగతులు పల్లె రచ్చబండ దాకా చేరవలసినంతగా చేరలేదు.

కౌలుదారుకు కాగితం ఏదీ?

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో మిరప వేసేవారిలో కౌలుదారులు ఎక్కువ. భూమి ఒకరిది, చెమట మరొకరిది. ఎకరానికి పెట్టుబడి లక్షల్లో ఉంటే, బ్యాంకు అప్పు మాత్రం పట్టాదారు పేరున పోతుంది. పంట నష్ట పరిహారం, బీమా వంటివి కూడా ఎక్కువగా పట్టా వెంటనే నడుస్తాయి.

2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చి, 11 నెలల కాలానికి పత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది. దానికి భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానికి భయం. ఆ సందేహం తీర్చేవారు లేక ఎందరో కౌలుదారులకు కార్డు అందలేదు.

కార్డు లేనివాడు కమీషన్ ఏజెంటు దగ్గరకో, మందుల దుకాణానికో వెళ్లాలి. అప్పు ఇచ్చినవాడి దగ్గరే పంట అమ్మాలన్నది రాయని షరతు. 2021-22లో నల్ల తామర పురుగు పడి పూతంతా ముడుచుకుపోయినప్పుడు మిరప తోటలు దున్నేసిన కౌలుదారులు ఈ ప్రాంతంలో ఊరూరా కనిపించారు. ఆ ఏడు అప్పు తర్వాతి ఏళ్ల పంట మీద కూర్చుంది. అలాంటి రైతుకు కోల్డ్ స్టోరేజీ పది అడుగుల దూరంలో ఉన్నా పది ఆమడల దూరమే.

తొడిమ తీసే చేతులు

ఈ కథలో రైతు ఒక్కడే లేడు. మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, ఆదోని, ఆలూరు వైపుల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి ఇక్కడ చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటాయి. వారితో వచ్చే పిల్లలకు ఆ మూడు నెలలు బడి ఉండదు. అక్కడ నీరు లేక ఇక్కడికి వస్తారు. ఒక మెట్ట ప్రాంతపు నీటి కొరత మరో ప్రాంతపు కోత కూలి అయింది.

కోత అయ్యాక కాయ ఎర్రగా, తాలుగా విడగొట్టాలి. ఎగుమతి కాయకు తొడిమ తీయాలి. గుంటూరు పేటల్లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ వేల మంది ఆడవారు ఈ పని చేస్తారు. చేతులు మండుతాయి. కళ్లు నీళ్లు కారుతాయి. సాయంత్రం ఇంటికి వెళ్లి పిల్లవాడిని ఎత్తుకోవాలంటే ముందు చేతులకు నూనె రాసుకోవాలి. కిలో లెక్కన వచ్చే కూలితోనే ఆ ఇళ్లు నడుస్తున్నాయి. కాయ ఈ ప్రాంతంలో ఎన్నాళ్లు నిలిస్తే ఈ కూలి అన్నాళ్లు ఉంటుంది. లోడు అలాగే లారీ ఎక్కి రాష్ట్రం దాటితే వీరి పనీ దానితోపాటే పోతుంది.

ఈ ఉద్దేశంతోనే యడ్లపాడు మండలం వంకాయలపాడు దగ్గర, గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే జాతీయ రహదారి పక్కన, సుగంధ ద్రవ్యాల బోర్డు సుమారు 125 ఎకరాల్లో స్పైసెస్ పార్కు ఏర్పాటు చేసింది. శుభ్రపరచడం, గ్రేడింగు, పొడి పట్టడం, నిల్వ, ఎగుమతి అన్నీ ఒక్క చోట జరగాలన్నది ఆలోచన. 2022 నవంబర్‌లో అక్కడే ఐ.టి.సి. సంస్థ 6.2 ఎకరాల్లో, 200 కోట్ల రూపాయల పెట్టుబడితో కట్టిన సుగంధ ద్రవ్యాల కర్మాగారాన్ని నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించారు.

తేజ వంటి ఘాటు కాయ నుంచి రంగు, ఘాటు సారం తీసి ఆహార పదార్థాలకు, మందులకు వాడుతున్నారు. ఈ సారం తీసే పరిశ్రమకు కావలసింది మందు అవశేషాలు లేని, బూజు పట్టని కాయ. తడి కాయను కుప్ప పోస్తే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పుడుతుంది. అది ఉన్న సరుకును విదేశాల రేవుల్లో వెనక్కు పంపుతారు. అంటే వంకాయలపాడు పార్కు భవిష్యత్తు పల్లె కళ్లంలోనే తేలుతుంది. మట్టిలో, రోడ్డుమీద ఆరబోసిన కాయకు ఒక ధర, పట్టల మీద, సిమెంటు కళ్లంలో నూటికి 10, 11 వంతుల తేమకు ఎండిన కాయకు మరో ధర. ఈ తేడా రైతుకు నిజంగా ముట్టినప్పుడే అతను పట్ట కొంటాడు.

పొగాకు, పాలు చూపిన దారి

ఇదే నేలమీద పండే పొగాకు సంగతి వేరుగా ఉంది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. 1985 నుంచి ఈ రాష్ట్రంలో వేలం కేంద్రాలు మొదలయ్యాయి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి వంటి చోట్ల వేలం రైతు ఊరికి దగ్గరగానే జరుగుతుంది. పాట నచ్చకపోతే బేలు వెనక్కు తీసుకుని మరో రోజు పెట్టుకోవచ్చు. ఎంత పండించాలో కూడా ముందే అనుమతి ఉంటుంది. అక్కడ బాధలు లేవని కాదు. ధర పడిపోయి రైతులు రోడ్డెక్కిన ఏళ్లూ ఉన్నాయి. కాని 'ఈ రోజు అమ్మను' అనే మాట అనడానికి ఒక గద్దె ఉంది. మిర్చికీ బోర్డు కావాలని రైతులు అడగడంలో అర్థం ఇదే.

పాల సంగతి ఇంకా విచిత్రం. పాలు రెండు పూటలు ఆగవు. అయినా 1977లో వడ్లమూడిలో మొదలైన సంగం డెయిరీ గుంటూరు జిల్లా పాడి రైతులను సహకార సంఘాలుగా కూర్చింది. ఊళ్లో పాల కేంద్రం, కొలత, వెన్న పరీక్ష, శీతలీకరణ, దాణా, పశువైద్యం అన్నీ ఒక గొలుసుగా నడిచాయి. పంట పోయిన ఏడు పాల చీటీతోనే ఇల్లు నడిచిన కుటుంబాలు ఎన్నో. ఆ పక్కనే ఒంగోలు డెయిరీ మాత్రం తర్వాతి కాలంలో నష్టాల పాలైంది. సంఘం పెట్టడం ఒక ఎత్తు, దానిని లెక్కగా నడపడం మరో ఎత్తు అని రెండు డెయిరీలూ చెబుతున్నాయి. మొత్తం మీద ఆగలేని పాలను మన పల్లెలు ఆపగలిగాయి. ఆగగల మిరపను ఆపలేకపోతున్నాయి. తేడా సరుకులో లేదు, సంఘంలో ఉంది.

ఊళ్లో చేయదగినవి

పెద్ద పథకాల కోసం ఎదురుచూడకుండా పల్లె స్థాయిలో చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఒకే రకం కాయ వేసిన పది పదిహేను మంది కలిసి ఒక్క లోడుగా యార్డుకు తెస్తే లారీ కిరాయి తగ్గుతుంది, బేరంలో మాట పెరుగుతుంది. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పది వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం ఇందుకు ఉపయోగపడవచ్చు. సంఘం పేరు బోర్డుకే పరిమితం కాకుండా, ఏడాదికి కనీసం కొన్ని వందల బస్తాలు అయినా కలిసి అమ్మినప్పుడే అది సంఘం.

కోల్డ్ స్టోరేజీలో పెట్టేటప్పుడు రశీదు రైతు సొంత పేరున ఉండాలి. ఏజెంటు పేరున ఉంటే కాయ అతనిదే. పండిన కాయ అంతా ఆపడం, అంతా ఒకేసారి అమ్మడం రెండూ ప్రమాదమే. అప్పు తీరేంత కాయ అమ్మి, మిగిలినది నిల్వ పెట్టడం అనుభవజ్ఞులైన రైతుల పద్ధతి.

పొదుపు సంఘాల మహిళలు తొడిమలు తీసే పనిని ఊళ్లోనే పెట్టుకుంటే, కూలి ఊళ్లోనే మిగులుతుంది, పిల్లలను వదిలి పట్నం వెళ్లే పని తప్పుతుంది. వారికి చేతి తొడుగులు, నీడ ఉన్న షెడ్డు, తాగునీరు ఇవ్వడానికి మార్కెట్ సెస్సులో కొంత చాలు. కౌలుదారుకు సాగు పత్రం ఇప్పించడానికి రెవెన్యూ సిబ్బంది ఊరికి వచ్చి యజమానిని, కౌలుదారును ఎదురెదురుగా కూర్చోబెట్టి సందేహం తీరిస్తే సంతకం పడుతుంది.

కోల్డ్ స్టోరేజీల్లోని నిల్వల లెక్కను మార్కెటింగ్ శాఖ పక్షానికోసారి ప్రకటించాలని, యార్డుకు వచ్చే ప్రతి రైతుకు కాటా చీటీ తప్పనిసరి చేయాలని, తాకట్టు రుణం మిరపకు విస్తారంగా అందించాలని, వేసవికి ముందే ప్రతి ఊరిలో సిమెంటు కళ్లాలు కట్టించాలని రైతులు కోరుతున్నారు.

సాగర్ నీరు ఈ నేలకు పండించే శక్తి ఇచ్చింది. లాం కాయను ఇచ్చింది. యార్డు బజారును ఇచ్చింది. రేపటి మాఘంలో గుంటూరు గేటు దగ్గర ధర విని, 'ఇవాళ్టికి వద్దు' అని ట్రాక్టరు వెనక్కు తిప్పి, ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోగలిగే చిన్న రైతు ఎందరుంటారో, ఈ ప్రాంతం అంతే అభివృద్ధి చెందినట్లు.